‘లైన్’ అనే మాటకు ఇన్ని అర్థాలు ఎక్కడివి? పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: పర్లాకిమిడి టీచరు

గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు సాయంత్రం పూట ఇంటి దగ్గర ఇంగ్లీషు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు వీరు. మొన్న ‘డ్రాప్ మీ ఎ లైన్’ అన్న వాక్యానికి ఒక అమ్మాయి ‘నాకొక గీత జారవిడువుము’ అని రాసింది. ఆ కిందనే, నటి తన ‘లైన్స్’ మరచిపోయిందన్న చోట ‘తన గీతలను మరచిపోయింది’ అని రాసి, అర్థం కుదరలేదని తనకే తోచి, పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకుంది. ‘లైన్ అంటే గీత’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన తప్పు నాదే. వరుస, తీగ, హద్దు, పద్యపాదం, వంశం, వృత్తి అంటూ నిఘంటువులోని అర్థాలన్నీ బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. వీటన్నిటినీ కలిపే సూత్రం ఏదైనా ఉన్నదా?

జవాబు: గుణుపురం వాసి

నమస్కారమండీ. మీరడిగిన సూత్రం అక్షరాలా సూత్రమే, అంటే దారమే. లాటిన్‌లో ‘లీనుమ్’ అంటే అవిసె. ఆ నారతో పేనిన దారం ‘లీనెయా’. ‘లైన్’ అక్కడినుండి వచ్చినదే. ‘లినెన్’ బట్టా, దర్జీ వేసే ‘లైనింగూ’ ఆ ఇంటివే. పూర్వం దుస్తుల లోపలి వైపు నారబట్ట వేసి కుట్టేవారు. తాపీమేస్త్రి గోడ కట్టేటప్పుడు రెండు కొసలకూ దారం బిగించి, దాని వెంబడే ఇటుకలు పేర్చడం పిల్లలందరూ చూసే ఉంటారు. ఆ బిగించిన దారం నేలమీద గుర్తుగా మిగిలితే గీత, దాని వెంబడి మనుషులు నిలబడితే వరుస, దానిని గాలానికి కడితే చేపలు పట్టే దారం, బట్టలు ఆరవేస్తే దండెం, లోహంతో చేసి స్తంభాలకు కడితే కరెంటు తీగ. పర్లాకిమిడి రాజుగారు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడా నుండి మీ ఊరికి మొదలై, తరువాత మా గుణుపురం దాకా వచ్చింది. దానినీ ‘లైను’ అనే అంటాం, నేలమీద పరచిన దారమే కదా.

జవాబు: రాయగడ నుండి

పై వివరణ బాగున్నది కాని, దారంతో అన్నీ ముడిపడవని నా అభిప్రాయం. ‘మీ లైన్ ఏమిటి’ అని వృత్తిని అడిగినప్పుడు పిల్లవాడికి దారం కనిపించదు. దానిని వాక్యంతో సహా నేర్పడమే మేలు. ‘డెడ్‌లైన్’ కూడా అంతే. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864 నాటి అండర్సన్‌విల్ చెరలో, ఖైదీలు దాటితే కాల్చివేసే హద్దుకు ఆ పేరు ఉండేది. గడువు అనే అర్థం తరువాత వచ్చింది. ఇక ఆ అమ్మాయి చిక్కుకు మందు బడిలోనే ఉన్నది. ప్రార్థనకు నిలబడే వరుసనూ, కాగితం మీది అక్షరాల వరుసనూ ఒడియాలో ‘ధాడి’ అనే అంటారు. గీసిన గీత మాత్రం ‘గార’. నటి మరచిపోయినది ధాడి, గార కాదు. ‘డ్రాప్ మీ ఎ లైన్’ అంటే ఊరు వెళ్ళేవారితో మన పెద్దలు ‘చేరగానే రెండు ముక్కలు రాయి’ అనే మాటే. వారు ముక్కలన్నారు, ఇంగ్లీషువారు వరుస అన్నారు.

జవాబు: పర్లాకిమిడి టీచరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న కిటికీ నుండి తలుపు దాకా నూలుదారం కట్టి, పిల్లలను దాని వెంబడి నిలబెట్టి, తరువాత అదే దారానికి వాక్యాలు రాసిన కాగితాలు తగిలించాను. ‘ధాడి’ అన్న మాట నేను ఎత్తకముందే ఆ అమ్మాయి అన్నది. ‘గీతలను’ కొట్టివేసి ‘మాటలను’ అని దిద్దుకుని, ప్రశ్నార్థకాన్ని రబ్బరుతో తుడిచింది. వంశం, వృత్తి అనే అర్థాలను రాయగడ వారన్నట్టే వాక్యాలతో వచ్చే వారం మొదలుపెడతాను.