టైప్ 1 డయాబెటిస్ ఉన్న చిన్నపిల్లలకి అలర్ట్ డాగ్: సెన్సరు ఉండగా కుక్క ఎందుకు?

గోదారిగట్టు:
నిన్న ఒకరడిగిన ప్రశ్న ఇది. టెక్సస్‌లో ఉంటారు, పాపకి ఐదేళ్లు, టైప్ 1 డయాబెటిస్, షుగరు కొలిచే సెన్సరు ఒంటికి పెట్టారు. రాత్రిళ్లు షుగరు పడిపోతే పసిగట్టే కుక్కనిస్తామని ఎవరో 20,000 డాలర్లు చెప్పారట. తీసుకోవచ్చా అని. నేనైతే వద్దంటాను. కుక్క వచ్చి మూతితో తట్టినా ఆ వయసు పిల్ల చెయ్యగలిగేదేం లేదు. లేవాల్సింది అమ్మానాన్నలే. వాళ్లని లేపడానికి ఫోనుంది. ఐదు నిమిషాలకోసారి రీడింగ్ వస్తుంది, గీత దాటితే మోగుతుంది.

తోకరాయుడు:
ఫోనొక్కటే చాలదండీ. సెన్సరు కొలిచేది రక్తంలో షుగరు కాదు, చర్మం కింద నీటిలోది. వేగంగా పడుతున్నప్పుడు అది ఐదు పది నిమిషాలు వెనకబడుతుంది. పిల్ల సెన్సరున్న చెయ్యి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని ‘లో’ (షుగరు పడిపోవడం) చూపిస్తుంది. కొత్త సెన్సరు వేడెక్కడానికి డెక్స్‌కామ్ కంపెనీ జి6లో రెండు గంటలు, జి7లో అరగంట పడుతుంది. ఆ ఖాళీలో కాపలా ఎవరు? బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో 27 కుక్కల్ని చూశారు. మధ్యస్థంగా నూటికి 83 లోలు పట్టాయి, చేసిన హెచ్చరికల్లో 81 శాతం సరైనవే.

లెక్కలపంతులు:
83 మధ్యస్థం, అంటే సగం కుక్కలు అంతకంటే తక్కువే. పైగా అవి ఇంట్లోవాళ్లు రాసిపెట్టిన లెక్కలు. ఇలాంటి లెక్కలో ఒక చిక్కుంటుంది. కుక్క తట్టినప్పుడే వేలు పొడిచి చూస్తే, తట్టకుండా వదిలేసిన లో కాగితం మీదకే రాదు. 2017లో అమెరికాలో రీడింగ్ కనపడకుండా సెన్సరు పెట్టి చూసిన అధ్యయనంలో కుక్కలు పట్టినవి 36 శాతం. నూరు హెచ్చరికల్లో నిజంగా లో ఉన్నవి 12. కుక్క, సెన్సరు రెండూ పట్టిన చోట సెన్సరే మధ్యస్థంగా 22 నిమిషాలు ముందుంది. ఉన్నది ఎనిమిది మందే కాబట్టి దాన్నే తుది తీర్పనను. కానీ ఆ 12 సంగతి ఆలోచించండి. నిద్రపోయే పిల్లని ఎన్నిసార్లు ఊరికే పొడుస్తారు?

తోకరాయుడు:
ఆ కుక్కలకి శిక్షణ ఎలా ఇచ్చారో కూడా చూడాలి కదా. తప్పు చాలాసార్లు నమూనాల దగ్గరే జరుగుతుంది. షుగరు 70కి దిగగానే, జ్యూసు ఇవ్వకముందే, కట్టుగుడ్డతో (గాజ్) పిల్ల చెమట తుడిచి సీసాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టాలి. అదే పిల్ల షుగరు 100, 120 ఉన్నప్పుడు కూడా అదే రకం గుడ్డతో, అదే రకం సీసాలో తీసి అదే ఫ్రీజర్‌లో పెట్టాలి. లో నమూనాలు పిల్లవి, మామూలువి ట్రైనర్‌వి అయితే కుక్క నేర్చుకునేది పిల్ల వాసన. లోవి నెల్లాళ్లు నిలవున్నవి, మామూలువి అప్పుడే తీసినవి అయితే నేర్చుకునేది ఫ్రీజర్ వాసన. అలాంటి కుక్క ట్రైనర్ దగ్గర నూటికి నూరు తెచ్చుకుంటుంది, ఇంటికొచ్చాక గోడ చూస్తూ కూర్చుంటుంది.

కుక్కకి అందేది ఫలానా వాసనని ఇంకా తేలలేదు. 2016లో కేంబ్రిడ్జ్‌లో ఎనిమిది మంది స్త్రీలకి షుగరు తగ్గించి చూస్తే ఊపిరిలో ఐసోప్రీన్ అనే రసాయనం బాగా పెరిగింది. వాళ్లు పెద్దవాళ్లు, పిల్లలు కారు.

పెన్నాతీరం:
బడి మాటేమిటి? 2017లో అమెరికా సుప్రీం కోర్టు కుక్కని రానివ్వాల్సిందే అంది కదా, ఫ్రై కేసులో?

లెక్కలపంతులు:
అనలేదండీ. అది సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప కేసు. ప్రత్యేక విద్య చట్టం కింద ముందు బడి విచారణలన్నీ పూర్తి చేశాకే కోర్టుకి రావాలా అన్నదే అక్కడ ప్రశ్న. ఫిర్యాదు సారం ఆ విద్య గురించి కాకపోతే అక్కర్లేదన్నారు. మామూలుగా ఏడీఏ (అమెరికా వికలాంగుల హక్కుల చట్టం) సర్వీస్ డాగ్‌ని రానిస్తుంది, సర్టిఫికెట్ అడగకూడదు. అందుకే నెట్‌లో అమ్మే రిజిస్ట్రేషన్ కాగితాలకి విలువ లేదు. కానీ కుక్కని అదుపులో పెట్టే మనిషుండాలి. ఐదేళ్ల పిల్ల పెట్టలేదు. కుక్కని చూసుకోవడం టీచర్ల బాధ్యత కాదు.

గోదారిగట్టు:
వర్జీనియాలో అయితే ఇలాంటి కుక్కలమ్మే సంస్థ మీద అటార్నీ జనరలే 2018లో దావా వేశారు. వేలకి వేలు తీసుకుని సరైన శిక్షణ లేని కుక్కపిల్లల్ని అంటగట్టారన్నది ఆరోపణ.

ఇంకోటి. హెచ్చరిక ఎవరిచ్చినా తర్వాత పని ఒకటే. వేలు పొడిచి చూసి, 70 లోపుంటే కిలో బరువుకి 0.3 గ్రాముల గ్లూకోజ్. 18 కిలోల పిల్లకి అయిదున్నర గ్రాములు, అంటే సుమారు 50 మిల్లీలీటర్ల ఆపిల్ జ్యూసు. పావుగంటాగి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, షుగరు పెంచే గ్లూకగాన్ మందే ఇవ్వాలి. మామూలు ఇంజెక్షనైతే 25 కిలోల లోపు పిల్లలకి అర మిల్లీగ్రాము.

లెక్కలపంతులు:
కొనే ఉద్దేశం ఉంటే డబ్బు కట్టకముందు ఇది అడగండి. పది జాడీలు, ఒక్కదాంట్లోనే లో నమూనా. అదెక్కడుందో తెలిసినవాళ్లు గదిలో ఉండకూడదు, ట్రైనర్‌తో సహా. ఇరవై సార్లు చేయించండి, అందులో నాలుగైదు సార్లు లో జాడీయే పెట్టకుండా. ఆ తర్వాత ఇంట్లో రెండు వారాలు. ప్రతి హెచ్చరిక టైముతో రాసి సెన్సరు రికార్డుతో పోల్చాలి, తట్టకుండా వదిలేసినవి కూడా. ఒప్పుకోకపోతే బేరం వదిలేయండి.

తోకరాయుడు:
దీనికి నాకూ అభ్యంతరం లేదు. రెండు మాటలు చేర్చండి. జాడీలన్నీ ఒకే మనిషి కొత్త గ్లౌజులతో పట్టుకోవాలి, లేకపోతే కుక్క చేతి వాసన వెతుక్కుంటుంది. ఇంటి పరీక్షలో సగం రాత్రి రెండు, మూడింటివి ఉండాలి, అప్పుడు కుక్క కూడా నిద్రలోనే ఉంటుంది. వీళ్లు కొనేది రాత్రి కోసమే కదా.