రో ప్రోటీన్ బ్యాండ్ బ్రహ్మాండంగా వస్తోంది, పని మాత్రం చేయట్లేదు. ఎవరికైనా ఇట్లా అయిందా?

సుబేదారి_స్కాలర్:
అందరికీ నమస్తే. హనుమకొండలో పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నా. రో అంటే బ్యాక్టీరియాలో జీన్ నకలు తీయడాన్ని ఆపే ప్రోటీన్, ఆర్‌ఎన్‌ఏ దొరికితే ఏటీపీని కోస్తుంది. ఈ. కోలై రో జీన్‌కు ఆరు హిస్టిడిన్ల ట్యాగ్ (నికెల్‌కు అంటుకునే తోక) పెట్టి, బీఎల్21 అనే ఈ. కోలై రకంలో పెంచి, ప్రోటీన్ తయారీ మొదలవడానికి ఐపీటీజీ వేసి, నికెల్ కాలమ్‌లో తీశాను. జెల్‌లో 47 కిలోడాల్టన్ల దగ్గర లావుపాటి బ్యాండ్ ఉంది. ఏటీపేజ్ పరీక్ష, అంటే ఏటీపీని కోస్తోందా అని, మలాకైట్ గ్రీన్ రంగుతో చేస్తున్నా; కోస్తే ఊడే ఫాస్ఫేట్‌తో పచ్చబడాలి. పాలీ సీ (రోకు ఇచ్చే కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ) వేసినా, వేయకపోయినా ఒకే ఆకుపచ్చ! మూడు వారాలుగా ఇదే టెన్షన్. 260/280 నిష్పత్తి (260, 280 నానోమీటర్ల కాంతిని ఎంత పీలుస్తుందో పోల్చేది) 1.3 వస్తోంది. నా ప్రశ్నలు: తప్పు ఎక్కడ? ట్యాగ్ ఏ చివర ఉండాలి? ఫ్రీజర్‌లో ఎన్నాళ్లు నిలుస్తుంది? రోను ఆపే యాంటీబయాటిక్ బైసైక్లోమైసిన్ కొద్దిగా ఎక్కడ దొరుకుతుంది?

జెల్_డాక్టర్:
నీకు బ్యాండ్ అయినా వచ్చింది తమ్మీ, సంతోషించు. నేను చేసిన రోజుల్లో సెల్స్ పగలగొట్టే సోనికేటర్ పెట్టగానే కరెంటు పోయేది. మా డిపార్ట్‌మెంట్ ఐస్ మెషిన్ చెడిపోయి ఏడాది. చేపల మార్కెట్ నుంచి ఐస్ గడ్డ తెచ్చి, గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టి, అందులో ట్యూబు గుచ్చేవాణ్ని. ల్యాబంతా చేపల వాసన. గైడ్ వచ్చి "ఏం వండుతున్నవ్‌రా" అన్నాడు. ప్రోటీన్ మొత్తం అడుగున గడ్డకట్టి కూర్చుంది. తర్వాత తెలిసింది ఏంటంటే, 37 డిగ్రీల్లో రాత్రంతా పెంచడమే నా తప్పు. 18 డిగ్రీలకు దించితే పైన ద్రవంలోకి వచ్చేది.

పాలకుర్తి_పోరడు:
నిష్పత్తి 1.3 అంటే ఆర్‌ఎన్‌ఏ అంటుకుని వస్తోంది, అంతే. రో పనే ఆర్‌ఎన్‌ఏని పట్టుకోవడం. సెల్స్ పగలగొట్టేటప్పుడు ఆర్‌ఎన్‌ఏజ్ ఏ ఓ చిటికెడు వేయి, అరగంట ఆగు. నేను ప్రతి ప్రోటీన్‌కూ ఇదే చేస్తా, క్లీన్‌గా వస్తది.

పాత_కాలమ్:
దయచేసి ఎవరూ ఈ సలహా వినకండి. ట్యాగులూ కిట్లూ లేకుండా, పాలీఇథిలీన్‌ఇమైన్, అమోనియం సల్ఫేట్, ఫాస్ఫోసెల్యులోజ్ దారిలో రో తీసినవాణ్ని కాబట్టి చెబుతున్నా. ఆర్‌ఎన్‌ఏజ్ ఏ అనేది ఆర్‌ఎన్‌ఏను సీ, యూ అక్షరాల పక్కన కోసే ఎంజైమ్. పాలీ సీ అంటే వరుసగా సీలే. అంటే నువ్వు దానికి విస్తరి వేసి వడ్డిస్తున్నావు. ఉడకబెట్టినా ఓ పట్టాన చావదు అది. నికెల్ కాలమ్‌లో కడిగితే పోయిందనుకుంటారు, ఓ చుక్క మిగిలినా చాలు. రోకు ఆర్‌ఎన్‌ఏ దొరకదు, ఏటీపీని కోయదు. ఈ కాలం పిల్లలకు ఎంజైమ్ అంటే ఉప్పూ కారం అయిపోయింది.

పాలకుర్తి_పోరడు:
సార్, మీరు పెద్దవారు కానీ "ఈ కాలం పిల్లలు" అనాల్సిన పని లేదు. నా ప్రోటీన్లన్నీ పనిచేశాయి.

పాత_కాలమ్:
ఏ ప్రోటీన్లు?

పాలకుర్తి_పోరడు:
లైపేజ్, ఇంకా ఓ కైనేజ్.

పాత_కాలమ్:
వాటికి ఆర్‌ఎన్‌ఏతో పనేముంది నాయనా! ఈతకు వెళ్లేవాడికి గొడుగు లేకున్నా నడుస్తది. రో సంగతి వేరు. ఆర్‌ఎన్‌ఏ లేకుంటే అది ఏటీపీ వైపు చూడను కూడా చూడదు.

పాలకుర్తి_పోరడు:
మరి అంటుకున్న ఆర్‌ఎన్‌ఏ ఎట్లా పోవాలి? మంత్రం వేయాలా?

పాత_కాలమ్:
ఉప్పు. ఒక మోలార్ సోడియం క్లోరైడ్‌తో కాలమ్ కడుగు, ఇమిడజోల్ కొద్దిగా వేసి. చాలకపోతే తర్వాత హెపారిన్ కాలమ్. మంత్రం అక్కర్లేదు.

ఓరుగల్లు_అక్క:
ఇద్దరూ కాస్త ఆగండి. ఆ 1.3 అంకె చూసి ఇంత భయం వద్దు. ఈ. కోలై రోలో ట్రిప్టోఫాన్ ఒక్కటే ఉంటుంది. అందుకే 280 దగ్గర అది కాంతిని తక్కువ పీల్చుకుంటుంది, కొంచెం ఆర్‌ఎన్‌ఏ ఉన్నా నిష్పత్తి ఎగిరిపోతుంది. ఆ నిష్పత్తి కొలిచే నానోడ్రాప్ యంత్రాన్ని నమ్మి నేను ఒకసారి మొత్తం బ్యాచ్ సింకులో పోశాను, ఇప్పటికీ గుర్తొస్తే కడుపు మండుతుంది. రంగుతో ప్రోటీన్‌ను కొలిచే బ్రాడ్‌ఫోర్డ్ పరీక్ష చెయ్యి. ఇంకో మాట, సిస్టీన్ కూడా ఒక్కటే, అవి ఒకదానికొకటి అతుక్కోకుండా డయాలిసిస్‌లో (బఫర్ మార్చేటప్పుడు) డీటీటీ పెట్టుకో. నికెల్ కాలమ్ మీద మాత్రం వేయకు, కాలమ్ గోధుమ రంగుకు తిరిగి నీకు గుండెపోటు వస్తుంది.

బైపీసీ_మాస్టారు:
పరిశోధకులు ఇంతమంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ఇంటర్ పుస్తకంలో జీన్ నకలు తీయడాన్ని సిగ్మా మొదలుపెట్టేది, రో ఆపేది అని ఒక్క లైన్‌లో ఉంది. పిల్లలు "సార్, రో లేకుంటే జీన్ ఆగదా?" అంటారు. ఏం చెప్పాలి?

కరీంనగర్_క్లోన్:
ఆగుతుంది సార్. చాలా జీన్ల చివర ఆర్‌ఎన్‌ఏ తనంతట తానే హెయిర్‌పిన్‌లా ముడుచుకుంటుంది, వెనకాల యూల వరుస. అక్కడ రో అక్కర్లేదు. మిగతా చోట్ల రో కావాలి. 1969లో జెఫ్రీ రాబర్ట్స్ దాన్ని ఈ. కోలైలోంచి తీసి చూపించాడు. సిగ్మా కూడా అదే ఏడాది బయటపడింది, పిల్లలకు జతగా గుర్తుండటానికి బావుంటుంది.

బైపీసీ_మాస్టారు:
మరి నోట్స్‌లో రో ఆర్‌ఎన్‌ఏ వెంట పరిగెత్తుకుంటూ వెళ్లి, నకలు తీసే ఎంజైమ్ పాలిమరేజ్‌ను వెనక నుంచి తన్నుతుంది అని చెబుతున్నా. కరెక్టేనా?

జెల్_డాక్టర్:
పాత మాట సార్ అది. 2021లో సైన్స్‌లో, మాలిక్యులర్ సెల్‌లో వచ్చిన క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ పేపర్లలో రో మొదటి నుంచే పాలిమరేజ్ మీద ఎక్కి కూర్చుంది. పరుగు లేదు, తన్ను లేదు. లోపల పొజిషన్ మార్చి నిద్రపుచ్చుతుంది.

ఓరుగల్లు_అక్క:
2023లో నేచర్‌లో ఇంకో నిర్మాణం వచ్చింది కదా. అందులో ఆర్‌ఎన్‌ఏ రో రింగు మధ్యలోంచి దారంలా దూరి ఉంది, రో దాన్ని లాగుతున్నట్టు. కాబట్టి పాత కథ పూర్తిగా చచ్చిపోలేదు. నన్నడిగితే రెండు దారులూ ఉండొచ్చు. మాస్టారూ, పరీక్షలో మాత్రం పరుగే రాయించండి, లేకుంటే వాల్యుయేషన్‌లో మార్కులు పోతాయి.

జెల్_డాక్టర్:
మార్కుల కోసం తప్పు చెప్పిస్తారా?

ఓరుగల్లు_అక్క:
తప్పు అని ఎవరన్నారు? నీకు మూడు చిత్రాలు చూసి తీర్పు ఇవ్వాలనిపిస్తే ఇవ్వు.

పాత_కాలమ్:
ఆ పిల్లాడు అడిగిన ట్యాగ్ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆర్‌ఎన్‌ఏను మొదట పట్టుకునేది రోలో ఎన్ టెర్మినల్ భాగం, ఏటీపీని కోసేది సీ టెర్మినల్ భాగం. ఏ చివర పెట్టినా ఏదో ఒకటి పక్కనే ఉంటుంది. అనుమానం ఉంటే థ్రాంబిన్ ఎంజైమ్‌తో ట్యాగ్‌ను కోసేసి పోల్చు. ఇక నేనైతే ట్యాగే పెట్టను.

కరీంనగర్_క్లోన్:
మీరు పెట్టరని ఇప్పటికి నాలుగుసార్లు విన్నాం సార్.

ములుగు_రోడ్డు:
ఫ్రీజర్ గురించి నేను చెబుతా, ఏడుస్తూ చెబుతా. బతుకమ్మ సెలవులకు ఊరికెళ్లాను. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి మైనస్ 80 ఫ్రీజర్ ట్రిప్ అయింది. అలారం మోగిందట, వాచ్‌మన్ ప్లగ్ తీసి మోతను ఆపాడట. తిరిగొచ్చేసరికి ఆరు నెలల ప్రోటీన్ గది వేడిలో పాయసం. అప్పటి నుంచి 50 శాతం గ్లిసరాల్‌లో, మైనస్ 20లో, రెండు వేర్వేరు ఫ్రిజ్‌లలో పెడతా. అట్లా పెడితే గడ్డకట్టదు, కాబట్టి కరగడం, గడ్డకట్టడం బాధ లేదు. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి పెట్టు తమ్మీ. ఒకే ట్యూబు అంటే ఒకే ఆశ.

జెల్_డాక్టర్:
వాచ్‌మన్‌ను అనకు. మా దగ్గర ప్రొఫెసర్ గారే పీకారు, ఫోన్ ఛార్జింగ్ కోసం.

పాలకుర్తి_పోరడు:
బైసైక్లోమైసిన్ ఎందుకు నీకు? టీబీ మీద చేస్తున్నావా?

సుబేదారి_స్కాలర్:
లేదన్నా, కంట్రోల్ కోసం. రోను ఆపితే ఏటీపీ కోత ఆగాలి కదా.

ఓరుగల్లు_అక్క:
మంచిది, ఈ. కోలై రో మీద అది పనిచేస్తుంది. టీబీ బ్యాక్టీరియా రో మాత్రం దానికి లొంగదు. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో రంజన్ సేన్ గారి బృందం రోను అడ్డుకునే పీఎస్‌యూ అనే ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) ప్రోటీన్ మీద చాలా చేసింది, ఆ పేపర్లలో రోను తీసిన పద్ధతి వివరంగా ఉంటుంది. కాలమ్ ముందు కూర్చునే లోపు అవి చదువు.

కరీంనగర్_క్లోన్:
అసలు ప్రశ్నకు వద్దాం. "వేసినా వేయకపోయినా ఒకే ఆకుపచ్చ" అన్నాడు. లేత ఆకుపచ్చా, ముదురా? ఎందుకంటే మలాకైట్ గ్రీన్ పట్టేది ఫాస్ఫేట్‌ను. నికెల్ కాలమ్ పాత ప్రోటోకాల్ అంతా సోడియం ఫాస్ఫేట్ బఫర్. అది కొంచెం మిగిలినా బంగారంలాంటి ప్రయోగం ఆకుపచ్చే. మా దగ్గర ఇంకో చిత్రం. గాజు గ్లాసులు బట్టల సబ్బుపొడితో కడిగేవారు. అందులోని ఫాస్ఫేట్‌తోనే ఖాళీ బీకర్ కూడా పచ్చబడేది. నాలుగు నెలలు పోయాయి దానికి.

సుబేదారి_స్కాలర్:
ముదురు! ఒక్క నిమిషం ఆగండి, చూసి వస్తా.

ములుగు_రోడ్డు:
ఎక్కడికి వెళ్తాడు, రాత్రి పదకొండైంది.

సుబేదారి_స్కాలర్:
ల్యాబ్‌లోనే ఉన్నా అన్నా. ప్రోటీన్ లేకుండా బఫర్ ఒక్కటే వేసి చూశాను. ముదురు ఆకుపచ్చ. బఫర్ ఫాస్ఫేట్‌దే. ఇంకో మాట చెప్పాలి, సిగ్గుగా ఉంది. పాలకుర్తి అన్న చెప్పకముందే, మొదటి బ్యాచ్ నుంచే ఆర్‌ఎన్‌ఏజ్ వేస్తున్నాను. పాత నోట్‌బుక్‌లో సీనియర్ రాసి పెట్టాడు, నేను మార్చలేదు.

పాత_కాలమ్:
అంటే రెండు తప్పులు ఒకదాన్ని ఒకటి దాచుకున్నాయి. ట్రిస్ బఫర్‌లోకి డయాలిసిస్ చేస్తే పచ్చ పోతుంది, కానీ పాలీ సీ తేడా అప్పుడూ కనిపించదు. ఆ ప్రోటీన్‌ను పారేయి. కొత్తగా మొదలుపెట్టు, ఆర్‌ఎన్‌ఏజ్ డబ్బా ఆ బెంచ్ మీద ఉండకూడదు. పిపెట్లు కూడా వేరే తీసుకో.

పాలకుర్తి_పోరడు:
సరే సార్, ఈ ఒక్కదానికి ఒప్పుకుంటున్నా. లైపేజ్‌కు మాత్రం వేస్తా.

సుబేదారి_స్కాలర్:
సోమవారం కొత్త కల్చర్ పెడుతున్నా, 18 డిగ్రీల్లో. జెల్ డాక్టర్ అన్నా, మా ఐస్ మెషిన్ కూడా ఆగిపోయింది. చేపల మార్కెట్ ఐస్ పొద్దున ఎన్నింటికి వస్తది?

జెల్_డాక్టర్:
ఐదు. గోనెసంచి నువ్వే తెచ్చుకో.