వైశ్యుల్లో స్కోలీన్ సమస్య: మేనరికం వల్లా, ఫౌండర్ ప్రభావం వల్లా?

కృష్ణాతీరం: ఆపరేషన్‌లో కండరాలు వదులవడానికిచ్చే స్కోలీన్, అంటే సక్సినైల్‌కోలిన్, ప్రభావం మామూలుగా 5–10 నిమిషాల్లో పోతుంది. దాన్ని విరగ్గొట్టే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్ లోపిస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరాడదు. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లకంటే దాదాపు వంద రెట్లట. తరతరాల మేనరికాల ఫలితమే కదా? అవి మానేస్తే సరి.

హార్డీ_లెక్క: సరిపోదండీ. మేనరికం చెడ్డ జన్యువు వాటాను పెంచదు, ఉన్న కాపీలను జతకూరుస్తుందంతే. వాటా క్యూ అనుకోండి. బయటి సంబంధాల్లో రోగులు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడ్డ కాపీయే వచ్చినవాళ్లు, క్యూ×క్యూ. మేనరికంలో దానికి ఎఫ్×క్యూ×(1−క్యూ) కలుస్తుంది. ఎఫ్ అంటే బిడ్డకొచ్చే రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి కాపీ నుంచి వచ్చే అవకాశం. మేనత్త కూతురినో మేనమామ కూతురినో చేసుకుంటే ఎఫ్ 1/16, అక్క కూతురినైతే 1/8.

క్యూ 1 శాతమైతే పదివేల మంది పిల్లల్లో రోగులు ఒక్కరు. మేనరికంలో 7, అక్క కూతురి విషయంలో 13. అదే క్యూ 10 శాతమైతే వరసగా 100, 156, 213. పైగా మేనరికం తెలుగునాట చాలా కులాల్లో ఉన్నదే. వంద రెట్ల తేడా దాంతో రాదు.

కృష్ణాతీరం: మరి అంత వాటా ఎలా వచ్చింది? సికిల్‌సెల్ మలేరియాను అడ్డుకున్నట్టు దీనికీ ఏదో లాభం ఉండి ఉంటుంది.

హార్డీ_లెక్క: ప్రకృతివరణమైతే ఆ జన్యువున్న 3వ క్రోమోజోమ్ భాగంలోనే జాడ కనపడాలి. ఇక్కడ దగ్గరి బంధుత్వం లేని వైశ్యుల మధ్య కూడా జన్యురాశి పొడవునా ఒకే పూర్వీకుడి ముక్కలు దొరుకుతున్నాయి. అది ఇరుకు మూలం గుర్తు: గుంపు కొద్దిమందితోనే మొదలైందన్నమాట. ఫౌండర్ ప్రభావం అంటే ఇదే. స్కోలీన్ వాడకం 1950లలో గానీ మొదలవలేదు. అంతకుముందు ఈ లోపం ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టినట్టు లేదు. కనుక వరణం దాన్ని ఏరిపారేయలేదు కూడా.

50 మందితో మొదలైన గుంపులో ఒక్కరికి ఒక్క కాపీ ఉంటే వాటా 1 శాతం. మరుసటి తరానికల్లా అది మాయమయ్యే అవకాశం 37 శాతం. మిగిలితే 2, 3 శాతానికి ఎగబాకడం వింతేం కాదు. అదే 50 వేల మందిలోనైతే 1 శాతం వాటా తరానికి 0.03 శాతం అటూఇటూ ఊగుతుందంతే. ఇవాళ వైశ్యులు లక్షల్లో ఉన్నా ఆ పాత జూదం ఫలితం చెరిగిపోదు.

సెంటీమోర్గాన్: ఫౌండర్ సరే, ఎప్పుడన్నదే నా పేచీ. హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్ల 2009 పేపర్ వంద తరాలకు పైమాటే అంది. 2017 పేపర్ మాత్రం 3–20 సెంటీమోర్గాన్ల (క్రోమోజోమ్ మీద దూరానికి కొలత) ముక్కలు కొలిచింది. తరాలు గడిచేకొద్దీ ముక్కలు చిన్నవవుతాయి. వంద తరాల కిందటి పూర్వీకుడి ముక్క సగటున అర సెంటీమోర్గానే. పొడుగు ముక్కలు ఉన్నాయంటే ఇరుకు తర్వాతి కాలంలోనూ సాగిందనేగా? ఒక్క సంఘటనగా చెప్పడం నాకు నచ్చదు.

హార్డీ_లెక్క: ఒప్పుకుంటాను, "ఘటన" అన్నది కొంత సౌలభ్యం కోసమే. కానీ తలుపు మూసి ఉందన్నది మారదు. ప్రతి తరంలో ముప్పైలో ఒకరు బయటినుంచి వచ్చినా వంద తరాలకు మూల జన్యురాశిలో మిగిలేది 3 శాతం. కలిపి ఉంచింది కులాంతర వివాహ నిషేధం, మేనరికం కాదు.

మత్తుగది: ఆచరణకు వస్తే: మేనరికం మానినా కులంలోనే చేసుకుంటే ఇద్దరూ వాహకులయ్యే (లోపం బయటపడకుండా ఒక్క చెడ్డ కాపీ ఉన్నవాళ్లయ్యే) అవకాశం ఉండనే ఉంది, అప్పుడు ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు. సర్జరీకి ముందు ఎంజైమ్ చర్యనే కొలిపించండి. డిబుకైన్ అనే మందు ఈ ఎంజైమ్‌ను ఎంత శాతం అడ్డుకుంటుందో చెప్పే డిబుకైన్ సంఖ్య ఒక్కటీ చాలదు. ఎంజైమ్ దాదాపు శూన్యమైతే ఆ సంఖ్యకు అర్థమే లేదు. లోపం తేలితే స్కోలీన్‌తోపాటు, ఇదే ఎంజైమ్ విరగ్గొట్టే మరో కండరాల మందు మివాక్యూరియం కూడా వద్దు, ఈ ఎంజైమ్‌తో పనిలేని రోక్యురోనియం వాడొచ్చు. తెలియక స్కోలీన్ ఇచ్చేస్తే కండరాలు తేరుకునేదాకా వెంటిలేటర్ మీదే ఉంచాలి, మత్తు కొనసాగించాలి. లేకపోతే రోగికి స్పృహ ఉంటుంది, వేలు కూడా కదపలేడు.