అప్‌డేట్: వెనకబడిన వయొలిన్ తాళంలో పడింది

మృదంగం ట్రాక్ వింటూ రికార్డు చేస్తే వయొలిన్ వెనకబడుతోందని ఇంతకుముందు ఈ గ్రూపులో మిమ్మల్ని అడిగింది నేనే. పాపం, పాత కంప్యూటర్‌ను అనవసరంగా తిట్టుకున్నాను. నేను వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో, ఆలస్యంగా పడిన రికార్డింగును ముందుకు జరిపే ‘ఆలస్యం సవరణ’ మొదట -130 మిల్లీసెకన్లుగా ఉంటుంది. మీరు చెప్పినట్టే హెడ్‌ఫోన్‌ను మైకుకు ఆనించి, టిక్కు టిక్కుమనే తాళం ట్రాక్‌ను మళ్లీ రికార్డు చేశాను. పెద్దది చేసి చూస్తే అసలు టిక్కుకూ, రికార్డయిన టిక్కుకూ మధ్య ఇంకా 62 మిల్లీసెకన్ల ఎడం. సవరణను -192 చేయగానే తొలి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) అతికినట్టు కుదిరింది.

కృతి చివరికి వచ్చేసరికి మళ్లీ జారింది! మైకు యూఎస్‌బీది, హెడ్‌ఫోన్ కంప్యూటర్‌కు తగిలించింది. రెండింటిలో శబ్దాన్ని నడిపే లోపలి గడియారాలు వేరు, వాటి వేగంలో కాస్త తేడా ఉండి పోనుపోను ఎడం పెరిగింది. హెడ్‌ఫోన్‌ను మైకుకున్న జాక్‌లోనే పెట్టి, ఆలస్యాన్ని కొత్తగా కొలిచి సరిచేశాను. ఇప్పుడు తొమ్మిది నిమిషాలూ కలిసే నడుస్తున్నాయి. మిగిలింది పక్కింటి కుక్కర్ విజిల్ ఒక్కటే.