కాకినాడ తీరంలో అమెరికాతో విన్యాసాలు ఇకమీదట జరగాలా, వద్దా?

వశిష్ఠ_గట్టు (3 నవంబర్ 2025)

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను మన తీరం దాటింది. మూడు రోజులకి, 31న, కౌలాలంపూర్‌లో మన రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, అమెరికా రక్షణ మంత్రి పీట్ హెగ్సెత్ పదేళ్ళ రక్షణ సహకారానికి సంతకాలు పెట్టారు. నేను నరసాపురం దగ్గర చెరువుల్లో వనామీ రొయ్య పెంచుతాను. కరెంటు లేక చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయి, జనరేటర్లకి డీజిల్ కోసం తిరుగుతున్నప్పుడు ఈ వార్త ఫోన్లో చూశాను. కడుపు రగిలిపోయింది.

ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం. రొయ్యకి పాత యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (మన ప్రభుత్వ రాయితీలకి విరుగుడుగా వేసేది) సుంకాలు కూడా కలిపితే 58 దాటుతుంది. ఈక్వెడార్ రొయ్యకి 15. మనం వాళ్ళతో ఎక్కడ పోటీ పడగలం? ఇదే అమెరికా సైన్యం మొన్న ఏప్రిల్‌లో విశాఖలో మొదలుపెట్టి, కాకినాడ సముద్రంలో మనవాళ్ళతో కలిసి టైగర్ ట్రయంఫ్ అని విన్యాసాలు చేసి వెళ్ళింది. నేనడిగేది సూటిగా అడుగుతున్నాను. సుంకం తగ్గేదాకా ఆ విన్యాసాలు మన ఒడ్డున ఆపాలా, వద్దా? ఆపాలి అంటాను నేను.

తెరచాప_కాకినాడ

వశిష్ఠ గారూ, మీ నష్టం నాకు తెలుసండి. మా బావమరిది కూడా చెరువులే చేస్తాడు. కానీ సుంకానికీ విన్యాసాలకీ ముడిపెడితే మీకూ లాభం లేదు, దేశానికీ లేదు.

నేను నౌకాదళంలో చేసి రిటైరయ్యాను. టైగర్ ట్రయంఫ్ ముఖ్యంగా విపత్తు సాయానికి సంబంధించిన విన్యాసం. తుపానో సునామీయో వచ్చి రేవు దెబ్బతింటే, ఓడలోంచి మందులు, మనుషులు, యంత్రాలు ఉత్త ఇసుక ఒడ్డుకి ఎలా దించాలి, గాయపడినవాళ్ళని ఓడ మీదికి ఎలా చేర్చాలి అనేది అందులో నేర్చుకునేది. మన సైన్యం, నౌకాదళం, వాయుసేన మూడూ కలిసి అమెరికాతో చేసిన మొట్టమొదటి విన్యాసం ఇదే, 2019 నవంబర్‌లో. 1996 నవంబర్ 6 రాత్రి మర్చిపోయారా? భైరవపాలెం, బలుసుతిప్ప నుంచి వేటకెళ్ళిన వాళ్ళు ఎంతమంది ఇంటికి రాలేదో కోనసీమలో పెద్దవాళ్ళని అడగండి. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఇండియా, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నౌకాదళాలు కలిసి సాయానికి దిగాయి. ఇవాళ క్వాడ్ అంటున్న ఈ నాలుగు దేశాల కూటమి అక్కణ్ణుంచి పుట్టిందే. మొంథా వచ్చి వారం కాకముందే ఇలాంటి విన్యాసం ఆపమంటున్నారు మీరు.

ఉప్పాడ_వల

తెరచాప గారండీ, ఆ విన్యాసాలు ఏప్రిల్ 1 నుంచి 13 దాకా. మాకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి. దీని గురించి కూడా ఒక ముక్క చెప్పండి.

కోరంగి_చదువరి

టైగర్ ట్రయంఫ్‌లో మన తరఫున పాల్గొన్న ఐఎన్ఎస్ జలాశ్వ అసలు అమెరికా వాళ్ళ పాత ఓడ. పేరు ట్రెంటన్. 1971లో వాళ్ళ నేవీలో చేరింది, 2007లో మనం కొన్నాం. 2008లో కాగ్ (ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే సంస్థ) దాని మీద రాసిన నివేదిక చదవండి. ఆ ఓడని దాడికి వాడడం మీద ఆంక్షలున్నాయనీ, అమ్మినవాళ్ళు వచ్చి తనిఖీ చేసుకునే షరతుకి మనం ఒప్పుకున్నామనీ ఉంది. ముందు దీనికి జవాబు కావాలి నాకు. మిగతావి తర్వాత.

తెరచాప_కాకినాడ

చదువరి గారూ, అమ్మిన ఆయుధం ఎవరి చేతుల్లో ఉందో చూసుకునే షరతు అమెరికా తన కొనుగోలుదారులందరికీ పెడుతుంది. మనకొక్కళ్ళకే పెట్టలేదు. అదే జలాశ్వ 2020 మేలో కరోనా లాక్‌డౌన్ అప్పుడు మాలే నుంచి 698 మందిని కొచ్చికి తెచ్చింది. అంతమందిని ఒక్కసారి మోసే ఓడలు మన దగ్గర ఎన్నున్నాయి?

కోరంగి_చదువరి

698 మందిని తేవడం గొప్ప పనే. నేనడిగింది తనిఖీ గురించి.

యానాం_వాసి

1998 పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. ఫ్రాన్స్ పెట్టలేదు. కలిసి పనిచెయ్యాలంటే ఎవరితో చెయ్యాలో అప్పుడే తెలిసింది.

వశిష్ఠ_గట్టు

తెరచాప గారూ, తుపాను సాయం అంటే కాదనేవాడెవడండి? కానీ సాయం చేస్తామన్న వాళ్ళ చరిత్ర కూడా చూడాలిగా. 1971 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతుంటే ఎంటర్‌ప్రైజ్ ఓడని ముందు పెట్టి అమెరికా ఏడో నౌకాదళం ఇదే బంగాళాఖాతంలోకి వచ్చింది మనల్ని బెదిరించడానికి. అది పాత సంగతి అంటారు. సరే, 2021 ఏప్రిల్ సంగతో? లక్షద్వీప్ దగ్గర మన ప్రత్యేక ఆర్థిక మండలంలో (చేపలూ చమురూ లాంటి వనరుల మీద మనకే హక్కున్న సముద్రంలో) వాళ్ళ జాన్ పాల్ జోన్స్ అనే ఓడ మన అనుమతి లేకుండా తిరిగింది. తిరిగామని వాళ్ళే ప్రకటన కూడా ఇచ్చారు. అప్పటికి మనం క్వాడ్‌లో వాళ్ళ పక్కనే కూర్చున్నాం. మన రేవులు వాడుకోడానికి 2016లోనే ఒప్పందం రాసిచ్చాం.

ఇక నా సంగతి. ఆగస్టు రెండో వారంలో నా చెరువు పట్టుబడికొచ్చింది. ఏళ్ళ తరబడి నా సరుకు తీసుకునే ఎగుమతి కంపెనీ వాళ్ళు ఫోను ఎత్తడం మానేశారు. చివరికి మధ్యలో ఒకతను వచ్చి తనకు నచ్చిన రేటు కట్టి పట్టుకుపోయాడు. మేత దుకాణం బాకీ అలాగే ఉంది. టైగర్ ట్రయంఫ్ సంగతి 2019 సెప్టెంబర్‌లో హ్యూస్టన్ సభలో మోదీ గారిని పక్కన పెట్టుకుని చెప్పింది ట్రంపే. నా రొయ్య మీద ఈ సుంకం వేసిందీ ఆయనే. ఈ రెండూ వేరువేరు అని నాకు చెప్పకండి.

తెరచాప_కాకినాడ

2016 ఒప్పందంలో రేవులు రాసివ్వడం లేదండీ. ఇంధనం, తిండి, మరమ్మతు లాంటివి అడిగినప్పుడు, మనం ఒప్పుకుంటే, డబ్బు తీసుకుని ఇస్తాం. వాళ్ళ రేవుల్లో మనకీ ఇస్తారు. స్థావరాలు ఇవ్వడం అందులో లేనే లేదు.

అసలు ఈ సహకారం ఎందుకు కావాలో చెప్తాను. శ్రీలంకలో హంబన్‌తోట రేవుని 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ళ లీజుకిచ్చారు. 2022 ఆగస్టులో చైనా యువాన్ వాంగ్ 5 అనే నిఘా ఓడ అక్కడికొచ్చి ఆగింది. మన కాకినాడ ఎదురుగా సముద్రంలో కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ గ్యాసు బావులున్నాయి, 2024 జనవరి నుంచి ఓఎన్జీసీ లోతు సముద్రంలో చమురు కూడా తీస్తోంది. హార్ముజ్ నుంచి మలక్కా దాకా ఉన్న నీళ్ళన్నీ ఒక్క దేశం కళ్ళతో కాయడం కుదరదు. దూరపు దేశాలతో కలిసి పనిచెయ్యాల్సిందే. అలాగని ఒకళ్ళనే నమ్ముకోలేదు మనం. ఆయుధాల అమ్మకాలు, కొనుగోళ్ళు లెక్కగట్టే స్టాక్‌హోమ్‌లోని సిప్రి అనే పరిశోధన సంస్థ లెక్కల్లో మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010–14లో 72 శాతం, 2015–19లో 55, 2020–24లో 36. ఫ్రాన్స్, ఇజ్రాయెల్, అమెరికా అందరి దగ్గరా కొంటున్నాం.

లంకలో_ఆడపడుచు

అందరూ అమెరికా, చైనా అంటున్నారు. మా అమ్మ కువైట్‌లో ఇంటి పనిలో ఉంది. మా వీధిలో సగం ఇళ్ళు గల్ఫ్ డబ్బుతో లేచినవే. 1990లో ఇరాక్ కువైట్ మీద పడినప్పుడు సుమారు 1,70,000 మందిని విమానాల్లో తెచ్చింది మన ప్రభుత్వమే, ఎయిర్ ఇండియాతో. సెప్టెంబర్ 17న సౌదీ, పాకిస్తాన్ ఒప్పందం రాసుకున్నాయి. ఒకళ్ళ మీద దాడి జరిగితే ఇద్దరి మీదా జరిగినట్టేనట. రేపు మనకీ పాకిస్తాన్‌కీ మళ్ళీ మొన్న మే నెలలో లాగా పోరు వస్తే సౌదీలో ఉన్న మనవాళ్ళ గతి ఏంటి? రక్షణ గురించి ఇంత తెలిసినవాళ్ళున్నారు, గల్ఫ్‌తో ఏం చెయ్యాలో ఒక్కళ్ళూ మాట్లాడరేం?

ఉప్పాడ_వల

నా మాటకి ఇంకా జవాబు రాలేదు. నిషేధం ముందు ఆ రెండు వారాల వేటే మాకు రెండు నెలలు తిండి పెట్టాలి. ఓడలు కాకినాడ ఎదురుగా ఉన్న రోజుల్లో అటు పోవద్దన్నారు. నిషేధానికి ప్రభుత్వం 20,000 ఇస్తుంది. ఆ పోవద్దన్న రోజులకి మా బోటు వాళ్ళకి ఎవరూ పైసా ఇవ్వలేదు.

వశిష్ఠ గారికి ఒక మాట. సముద్రంలో వలేసి పట్టిన రొయ్యని అమెరికా 2019 నుంచి అసలు తీసుకోవట్లేదు, తాబేళ్ళు వలలో పడుతున్నాయని. ఆ ఏడాదే ఈ విన్యాసాలు మొదలైంది. మాకు తలుపు మూసేసినప్పుడు చెరువులోళ్ళు ఎవరూ వచ్చి విన్యాసాలు ఆపమనలేదు. వాళ్ళ రొయ్య పోతానే ఉంది కదా మరి.

తెరచాప_కాకినాడ

బాగా అడిగాడు. వశిష్ఠ గారూ, ఇప్పుడు నేనూ ఒకటి అంటాను, ఏమీ అనుకోకండి. మా నాన్నగారి పొలం పక్కన రొయ్యల చెరువు తవ్వారు. ఉప్పు ఊరి రెండెకరాల వరి చేను చచ్చిపోయింది. చెరువు యజమాని రూపాయి పరిహారం ఇవ్వలేదు. లాభాలొచ్చినన్నాళ్ళు మీకు దేశం గుర్తురాలేదు, పక్కవాడూ గుర్తురాలేదు. ఇప్పుడు రేటు పడగానే దేశ రక్షణని కాటాలో పెట్టి తూస్తున్నారు.

వశిష్ఠ_గట్టు

మీ పక్క చెరువు నాది కాదండి. మీ అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడని మీరే ఇదివరకు ఇక్కడ రాశారు. ఆ వీసా కోసం మీరు ఈ మాటలు మాట్లాడుతున్నారని నేనంటే ఎలా ఉంటుంది?

తెరచాప_కాకినాడ

నా కొడుకు జోలికి రాకండి. నౌకాదళం బట్టలేసుకుని నేను సముద్రం మీద కాపలా కాసినప్పుడు వాడు ఇంకా పుట్టలేదు. నాకు ఎవడి వీసా అక్కర్లేదు.

నిర్వాహకులు

ఇళ్ళలో వాళ్ళని లాగితే ఈ చర్చ మూసేస్తాం. ఇద్దరికీ ఇదే చెప్తున్నాం.

తెరచాప_కాకినాడ

సరే, విషయమే మాట్లాడదాం. ఏ దేశంతో, ఎప్పుడు, ఏ ఒడ్డున విన్యాసం చెయ్యాలన్నది నౌకాదళం నిర్ణయిస్తుంది. ప్రతిసారీ ఒడ్డున ఉన్నవాళ్ళని, చెరువు ఉన్నవాళ్ళని అడుగుతూ కూర్చుంటే ఏ దేశపు నౌకాదళమూ నడవదు.

వశిష్ఠ_గట్టు

ఇందాకట్నుంచి ఈ మాట మీ నోట వస్తుందనే చూస్తున్నాను. మీకూ నాకూ తేడా ఇక్కడుందండి. నాకు అమెరికా మీద పగేం లేదు, రష్యా మీద ప్రేమా లేదు. మొదటి 25 శాతం వ్యాపారం పేరు చెప్పి వేశారు. పైన వేసిన 25 శాతం మనం రష్యా చమురు కొంటున్నామని. అంటే యుక్రెయిన్ యుద్ధం కోసం. వాళ్ళ రక్షణ వ్యవహారం వసూలు చేసింది నా చెరువు గట్టు మీద. వ్యాపారాన్నీ రక్షణనీ కలిపింది వాళ్ళు. కౌలాలంపూర్‌లో సంతకం పెట్టిన రోజున ఆ 50 శాతం అలాగే ఉంది. ఒడ్డు మాది, సముద్రం మాది, సుంకం పడ్డదీ మా మీదే. అడగాల్సింది మాత్రం మమ్మల్ని కాదంటారు మీరు.

తెరచాప_కాకినాడ

వాళ్ళు కలిపారు కాబట్టి మనమూ కలపాలా? రేపు ఇంకో సరుకు మీద సుంకం వేస్తే ఇంకో విన్యాసం ఆపుతారు. సుంకం తీసేస్తే ఇంకొకటి ఒప్పుకుంటారు. అలాగైతే మన తీరానికి ఒక రేటు కట్టినట్టే. మన నౌకాదళం అమెరికాతో 30 ఏళ్ళ కిందట మొదలుపెట్టిన మలబార్ విన్యాసాలు 1998 అణు పరీక్షలప్పుడు ఆగాయి. ఆపింది అమెరికా. నాలుగేళ్ళకి, 2002లో, మళ్ళీ మొదలయ్యాయి. ఆ నాలుగేళ్ళూ నేర్చుకోకుండా పోయింది ఎవరు? మనమే. నేను ఆ రోజుల్లో కొలువులో ఉన్నాను, నాకు తెలుసు. వాళ్ళ మీద కోపంతో మనంతట మనం ఆపుకుంటే మళ్ళీ నష్టపోయేది మన కుర్రాళ్ళు.

కోరంగి_చదువరి

అంటే ఆపే హక్కు వాళ్ళకుంది, మనకి లేదన్నమాట. తనిఖీ సంగతీ ఇంతే.

లంకలో_ఆడపడుచు

తెరచాప గారూ, మలబార్ మాట సరే. నేర్చుకుంది ఎక్కడ వాడతారో కూడా చెప్పండి. 2024 మార్చిలో సోమాలియా దొంగలు పట్టుకున్న రుయెన్ అనే ఓడని ఐఎన్ఎస్ కోల్‌కతా విడిపించింది, 17 మందిని కాపాడింది. అలాంటి వార్త చూస్తే మాకు ధైర్యం వస్తుంది. మా వాళ్ళున్న నీళ్ళు అటువైపున ఉన్నాయి.

తెరచాప_కాకినాడ

అమ్మా, అక్కడ పనికొచ్చింది ఇక్కడ నేర్చుకున్నదే. గల్ఫ్ మాట మీరు ఎత్తడం మంచిదైంది, దాని మీద వేరే చర్చ పెట్టండి, నాకు తెలిసింది రాస్తాను.

ఉప్పాడ వల తమ్ముడూ, నీకు జవాబు ఆలస్యమైంది. ఏప్రిల్ మొదటి పక్షం మీకు ఎంత ముఖ్యమో నౌకాదళం వాళ్ళకి చెప్పాల్సిందే. తేదీలు ముందో వెనకో జరపమని, జరపలేకపోతే పోయిన వేట రోజులకి పరిహారం ఇవ్వమని జిల్లా కలెక్టరుకి అర్జీ రాయి. నేను సంతకం పెడతాను, నాతో పనిచేసినవాళ్ళ చేత కూడా పెట్టిస్తాను.

వశిష్ఠ_గట్టు

ఆ అర్జీలో ఇంకో వాక్యం కలపండి. మా సుంకం సంగతి తేలేదాకా కొత్త విన్యాసాలకి తేదీలు ఖరారు చెయ్యొద్దని.

తెరచాప_కాకినాడ

ఆ వాక్యం ఉంటే నా సంతకం ఉండదు.

ఉప్పాడ_వల

వశిష్ఠ గారూ, మీ రొయ్య గొడవ మా అర్జీలో వద్దండి. అది కలిస్తే కలెక్టరాఫీసులో ఢిల్లీకి రాసుకోండని తిప్పి పంపుతారు. మాది తేదీల సంగతి, పరిహారం సంగతి. రేపు సాయంత్రం రాసి ఇక్కడ పెడతాను, తప్పులుంటే చెప్పండి.

వశిష్ఠ_గట్టు

సరే తమ్ముడూ, మీది మీరు ఇవ్వండి. తేదీలకి నేనూ సంతకం పెడతాను. మాది మేం భీమవరం రైతులందరం కలిసి ఎంపీకి వేరేగా ఇస్తాం. అందులో ఆ వాక్యం మొదటి లైన్లోనే ఉంటుంది.