నాయన మీద రాసిన పాటలో నాయన కనిపించడం లేదు

ప్రశ్న (కందుకూరు నుంచి):
మా నాయన పోయి రెండేళ్లయింది. ఆయన మీద ఒక పాట రాసి, బాణీ కట్టి, మొన్న ఇంట్లో వాళ్లకు పాడి వినిపించాను. అందరూ బాగుందన్నారు గానీ, మా అమ్మ మాత్రం “ఇది ఎవరి నాయనకైనా సరిపోతుంది గదరా” అన్నది. ఆమె మాట నిజమే. పల్లవి నిండా త్యాగం, మమత, దైవం వంటి మాటలే ఉన్నాయి. పొగాకు బ్యారన్ (పచ్చి ఆకును పొయ్యి వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర రాత్రంతా పొయ్యి కాచిన మనిషి, ధర రాని ఏట అప్పు తీర్చలేక ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న మనిషి అందులో ఎక్కడా లేడు. అటువంటివి రాయబోతే మాటలు గరుకుగా వచ్చి బాణీలో ఇమడడం లేదు. పైగా ఇంటి అప్పుల సంగతి నలుగురిలో పాడవచ్చునా అన్న సంకోచం ఒకటి. పాటలు రాసే అలవాటున్నవారు దారి చెప్పగలరు.

జవాబు (నెల్లూరు నుంచి):
అయ్యా, 17వ శతాబ్దపు కంచర్ల గోపన్నను, అంటే భద్రాచల రామదాసును, ఒకసారి తలచుకోండి. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో ఆయన భక్తితో పాటు డబ్బు లెక్క కూడా పెట్టాడు. ప్రాకారానికి పదివేల వరహాలు పట్టాయని మొదలుపెట్టి, ఏ నగ ఎవరికి చేయించిందీ ఏకరువు పెట్టి, ఎవరి సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే నిలదీసి, చివరకు దెబ్బలకు ఓర్వలేక తిట్టానని బతిమాలుకున్నాడు. ఆ లెక్క తీసివేస్తే ఆ కోపానికి బలం ఉండదు, ఆ బతిమాలుకోవడమూ అంతగా తాకదు. కాబట్టి గరుకు మాటలకు భయపడకండి. మీ నాయనగారు రోజూ అనే మాట ఒకటి గుర్తు తెచ్చుకుని, దానినే పల్లవిగా పెట్టి చూడండి.

జవాబు (కావలి దగ్గరి పల్లె నుంచి):
మా నాయనమ్మ వరినాట్లలో పాట చెప్పేది. మిగతా ఆడవాళ్లు అందుకునేవారు. బాణీ ఏటేటా అదే, మాటలు మాత్రం ఆ ఏటి కష్టాన్ని బట్టి మారేవి. మీరు బాణీని ముందు బిగించి, మాటలను అందులో ఇరికిస్తున్నట్టున్నారు. మాటలను మామూలుగా పలికి, ఊపిరి ఎక్కడ ఆగుతుందో చూసుకుని, ఆ తరువాత తాళం వేసుకోండి. అప్పు విషయంలో మాత్రం పైవారితో ఏకీభవించలేను. గోపన్న పాడుకున్నది తన గోడు. మీ ఇంటి అప్పు మీ అమ్మగారు కూడా మోసినది. ఆమెను అడగకుండా బయట పాడవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నాయనకు చూపు మందగించిన తరువాత, అర్ధరాత్రి నన్ను లేపి, టార్చిలైటు చేతికిచ్చి, బ్యారన్ కిటికీలోంచి థర్మామీటరు చూడమని “ఎంతుందిరా అబ్బయ్యా” అని అడిగేవారు. నేను అంకె చెప్పిన తరువాతనే పొయ్యిలో కట్టె సర్దేవారు. ఇప్పుడు ఆ ప్రశ్నే పల్లవి. బ్యారన్‌లో ఆకు పసుపు రంగుకు తిరిగేటప్పటి 95 డిగ్రీల ఫారన్‌హీటు నుంచి ఈనె ఎండే 160 దాకా, చరణానికొక అంకెగా పాట నడుస్తున్నది. పాత బాణీ వదిలేశాను. అమ్మను అడిగాను. అప్పు చరణం ఉంచమన్నది, ఎంత అన్నది మాత్రం చెప్పవద్దన్నది.