పరీక్ష మేమే చేసుకుంటామంటే ప్రభుత్వం ఎందుకు వద్దంది?

పశువైద్య కళాశాలలో సెమినార్ కోసం పిచ్చి ఆవు వ్యాధి గురించి చదువుతూ ఒకచోట చిక్కుకుపోయాను. తెలిసినవారు చెప్పగలరా?

2003 డిసెంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఆవుకు ఈ వ్యాధి బయటపడింది. వెంటనే జపాన్ అమెరికా గొడ్డుమాంసాన్ని ఆపేసింది. జపాన్‌లో అప్పటికే, 2001 నుంచి, కోతకు వచ్చే ప్రతి పశువునూ పరీక్షించేవారు. ఆ మార్కెట్ కోసం కాన్సాస్‌లోని క్రీక్‌స్టోన్ ఫామ్స్ అనే గొడ్డుమాంసం కంపెనీ తన పశువులన్నిటికీ సొంత ఖర్చుతో పరీక్ష చేస్తానంది. అమెరికా వ్యవసాయ శాఖ అనుమతించలేదు! వ్యవహారం కోర్టుకెక్కింది; 2008లో అప్పీలు కోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది.

లేత పశువుల మెదడులో ప్రియాన్లు (ఈ వ్యాధిని కలిగించే, ఆకారం మారిన ప్రోటీన్లు) పరీక్షకు అందేంతగా పేరుకోవు కనుక, ఫలితం తప్పుడు భరోసా ఇస్తుందన్నది శాఖ వాదన. సరే. మరి 2003లోనే జపాన్ 21, 23 నెలల పశువుల్లో వ్యాధిని గుర్తించామని ప్రకటించింది కదా? ఆ కేసులను శాస్త్రజ్ఞులు ఎలా చూశారు? పెద్ద కంపెనీలూ ఆ ఖర్చు భరించాల్సి వస్తుందన్న భయమే అసలు కారణమని నా అనుమానం. నిర్ధారణ ప్రయోగశాలల్లోనో మాంసం ఎగుమతుల్లోనో పనిచేసినవారు ఉంటే, నా అనుమానం తప్పయినా సరే, వివరంగా రాయండి. సెమినార్ వచ్చే సోమవారమే.